వీపీఎస్ డెస్క్‌టాప్‌ని ఇంటర్నెట్‌కి బార్లా తెరవకుండా దూరం నుంచి వాడటం ఎలా?

గోదారిగట్టు:

ముంబై డేటాసెంటర్‌లో ఉబుంటు 24.04 వీపీఎస్ (అద్దె సర్వర్) ఉంది. 2 కోర్లు, 4 జీబీ ర్యామ్. క్యూజీఐఎస్‌లో మ్యాపుల పని కోసం ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసి, దూరం నుంచి తెర చూపే టైగర్‌వీఎన్‌సీతో :1 డిస్‌ప్లే నడుపుతున్నాను. యూఎఫ్‌డబ్ల్యూలో (ఉబుంటు ఫైర్‌వాల్) 5901 పోర్టు తెరిచాను. వ్యూయర్‌లో సర్వర్ ఐపీ కొడితే డెస్క్‌టాప్ వస్తోంది, అంతవరకు బాగానే ఉంది. కానీ వీఎన్‌సీ లాగ్ నిండా ముక్కూమొహం తెలియని ఐపీలు, వాటి పక్కన "బ్లాక్‌లిస్టెడ్" అన్న మాట.

పాస్‌వర్డ్ 14 అక్షరాలది పెట్టాను, అది చాలదా? 5901 బదులు ఎక్కడో 47 వేల చిల్లర పోర్టుకి మారిస్తే ఇవి ఆగుతాయా? ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారుతూ ఉంటుంది కాబట్టి ఫైర్‌వాల్‌లో నా ఐపీకి మాత్రమే అనుమతి ఇవ్వడం కుదరదు. ఇదే సర్వర్‌ని డాలస్ నుంచి ఇంకొకరు మ్యాక్‌తో వాడాలి. నాది విండోస్ 11.

పోర్టు_ఇరవైరెండు:

ముందు పాస్‌వర్డ్ సంగతి. వీఎన్‌సీ పాత ప్రామాణిక పద్ధతిలో మొదటి 8 అక్షరాలే లెక్క. మిగతా 6 మీరు కొట్టినా కొట్టకపోయినా ఒకటే. అనుమానం ఉంటే 8 మాత్రమే కొట్టి చూడండి, లోపలికి వెళ్లిపోతారు. పైగా ఆ పద్ధతిలో దాచేది పాస్‌వర్డ్‌ని మాత్రమే. ఆ తర్వాత మీరు నొక్కే ప్రతి కీ, తెర మీది ప్రతి బొమ్మ పోస్టుకార్డు మీది రాతలా దారిలో ఎవరైనా చదవగలిగేలా పోతాయి. రెండు వైపులా టైగర్‌వీఎన్‌సీయే ఉండి టీఎల్‌ఎస్ (దారిలో పోయేదాన్ని గుప్తంగా మార్చే పద్ధతి) కుదిరితే ఎన్‌క్రిప్షన్ వస్తుంది. అయితే సర్టిఫికెట్ లేని టీఎల్‌ఎస్‌లో అవతల ఉన్నది మీ సర్వరేనన్న రుజువు ఉండదు.

బ్లాక్‌లిస్ట్‌ని కూడా పెద్దగా నమ్ముకోకండి. ఒక ఐపీ నుంచి 5 సార్లు తప్పితే 10 సెకన్లు ఆపుతుంది, మళ్లీ తప్పితే ఆ గడువు రెట్టింపు అవుతుంది. ఐపీ మార్చుకుంటూ వచ్చేవాడికి అది అడ్డే కాదు. పోర్టు మారిస్తే లాగ్‌లో రొద తగ్గుతుంది, భద్రత పెరగదు.

చేయాల్సింది ఒక్కటే: వీఎన్‌సీ 127.0.0.1 (లోకల్‌హోస్ట్, అంటే ఆ మెషీన్ లోపలికి మాత్రమే) మీద మాత్రమే వినాలి, బయటి నుంచి వచ్చే దారి ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ అయిన రిమోట్ లాగిన్) ఒక్కటే కావాలి. కమాండ్లను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లో.

మొదట ఎస్‌ఎస్‌హెచ్‌ని గట్టి చేయండి, ఎందుకంటే ఇక భారమంతా దాని మీదే. ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి "ఎస్‌ఎస్‌హెచ్-కీజెన్ -టీ ఈడీ25519" కొట్టండి, పాస్‌ఫ్రేజ్ పెట్టండి. పబ్ అని ముగిసే ఫైల్‌లోని ఒక్క లైన్‌ని సర్వర్‌లో మీ హోమ్ కింద ఉన్న .ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్_కీస్‌లో అతికించండి. ఫోల్డర్‌కి 700, ఫైల్‌కి 600 పర్మిషన్ ఉండాలి. గ్రూప్‌కి రాసే హక్కు ఉంటే ఎస్‌ఎస్‌హెచ్‌డీ (సర్వర్ వైపు ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్) ఆ కీని పట్టించుకోకపోవచ్చు, మీకు కారణం కూడా చెప్పదు. సర్వర్‌లోని ఆథ్ లాగ్‌లో మాత్రం రాసిపెడుతుంది.

కీతో లాగిన్ అవుతోందని చూసుకున్నాక పాస్‌వర్డ్ లాగిన్ ఆపండి. చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. మెయిన్ ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్‌లో "పాస్‌వర్డ్‌ఆథెంటికేషన్ నో" అని రాసి పని అయిపోయిందనుకుంటారు. క్లౌడ్ ఇమేజ్‌లలో తరచుగా ఎస్‌ఎస్‌హెచ్‌డీ_కాన్ఫిగ్.డీ ఫోల్డర్‌లో 50-క్లౌడ్-ఇనిట్.కాన్ఫ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో "యెస్" అని ఉంటుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదట కనబడిన విలువనే తీసుకుంటుంది, మెయిన్ ఫైల్ మొదట్లోనే ఆ ఫోల్డర్‌ని ఇన్‌క్లూడ్ చేస్తుంది. అంటే మీరు కింద రాసిన "నో"కి విలువ లేదు. అదే ఫోల్డర్‌లో 10తో మొదలయ్యే పేరుతో సొంత ఫైల్ పెట్టి అందులో రాయండి. "సుడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ -టీ" అని క్యాపిటల్ టీతో కొడితే ఫైళ్లన్నీ కలిపి చూస్తే నిజంగా అమలయ్యే విలువలు కనబడతాయి. చిన్న టీతో కొడితే ఫైల్‌లో అచ్చుతప్పులుంటే చెబుతుంది. రీస్టార్ట్ చేసేటప్పుడు ఇప్పుడున్న విండో మూయకండి, కొత్త విండోలో లాగిన్ అయి చూసుకున్నాకే మూయండి.

ఇక వీఎన్‌సీ. నడుస్తున్న సెషన్ ఆపేయండి. ఈటీసీలోని టైగర్‌వీఎన్‌సీ ఫోల్డర్‌లో వీఎన్‌సీసర్వర్-కాన్ఫిగ్-మ్యాండేటరీ అనే ఫైల్‌లో "$లోకల్‌హోస్ట్ = "యెస్";" అని పెడితే యూజర్ ఏ ఆప్షన్ ఇచ్చినా బయటికి వినదు. అదే ఫోల్డర్‌లోని వీఎన్‌సీసర్వర్.యూజర్స్‌లో ":1=మీ యూజర్‌నేమ్" అని రాసి, "సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ --నౌ టైగర్‌వీఎన్‌సీసర్వర్@:1" కొడితే రీబూట్ అయినా దానంతట అదే లేస్తుంది. తర్వాత "ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ"తో చూడండి. 5901 పక్కన 127.0.0.1 ఉండాలి. 0.0.0.0 గానీ నక్షత్రం గుర్తు గానీ కనబడితే పని ఇంకా అవలేదని లెక్క.

ల్యాప్‌టాప్ నుంచి టన్నెల్ (ల్యాప్‌టాప్ పోర్టుని ఎస్‌ఎస్‌హెచ్ లోపలి నుంచి సర్వర్ పోర్టుకి కలిపే దారి) ఇలా వేయాలి: "ఎస్‌ఎస్‌హెచ్ -ఎన్ -ఎల్ 5901:127.0.0.1:5901 యూజర్@సర్వర్". ఎన్, ఎల్ రెండూ క్యాపిటల్. కొట్టాక ఏమీ కనబడదు, కర్సర్ అలా ఆగిపోతుంది. అలాగే ఉండాలి, విండో వదిలేయండి. వ్యూయర్‌లో 127.0.0.1:5901 ఇవ్వండి. రోజూ ఇంత కొట్టడం విసుగు కాబట్టి ల్యాప్‌టాప్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్ ఫైల్‌లో హోస్ట్ పేరు కింద లోకల్‌ఫార్వర్డ్ లైన్, సర్వర్‌అలైవ్‌ఇంటర్వల్ 30, ఎగ్జిట్‌ఆన్‌ఫార్వర్డ్‌ఫెయిల్యూర్ యెస్ పెట్టుకోండి. చివరిది లేకపోతే 5901ని ఇంకేదో ప్రోగ్రామ్ ముందే పట్టుకుని ఉన్నా ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం కనెక్ట్ అయిపోతుంది, తప్పు ఎక్కడుందో తెలియక మీరు సర్వర్‌లో వెతుకుతుంటారు. పుట్టీ అనే ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు టన్నెల్స్ పేజీలో సోర్స్, డెస్టినేషన్ నింపి "యాడ్" నొక్కడం మర్చిపోతారు. అక్కడ జరిగే పొరపాట్లలో సగం అదే.

ఇవన్నీ పనిచేశాక యూఎఫ్‌డబ్ల్యూలోని 5901 నియమాన్ని తీసేయండి. వీపీఎస్ కంపెనీ ప్యానెల్‌లో విడిగా ఫైర్‌వాల్ ఉంటే అక్కడా తీసేయండి.

కంచుకోట:

పై జవాబులో తప్పేమీ లేదు గానీ రెండో మనిషి విషయం వదిలేశారు. డాలస్ వారికి మామూలు ఎస్‌ఎస్‌హెచ్ ఖాతా ఇస్తే వీఎన్‌సీతో పాటు షెల్ కూడా ఇచ్చినట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఆ మెషీన్‌లో 127.0.0.1 మీద వినే ప్రతిదాన్నీ అందుకోగలరు. క్యూజీఐఎస్ అన్నారు కాబట్టి పోస్ట్‌జీఐఎస్ (మ్యాపుల డేటాబేస్) కూడా ఉండే ఉంటుంది, అంటే దాని పోర్టు 5432. ఆథరైజ్డ్_కీస్‌లో వారి కీ లైన్ ముందు ఇలా చేర్చండి: "రెస్ట్రిక్ట్,పోర్ట్-ఫార్వర్డింగ్,పర్మిట్‌ఓపెన్="127.0.0.1:5902",కమాండ్="/బిన్/ఫాల్స్"". ఇక ఆ కీతో టన్నెల్ తప్ప ఇంకేమీ రాదు. 5902 ఎందుకంటే వారికి వేరే లినక్స్ యూజర్, వేరే :2 డిస్‌ప్లే ఉండాలి. ఒకే డిస్‌ప్లే ఇద్దరూ పంచుకుంటే మౌస్ కోసం కొట్లాటే. 4 జీబీలో రెండు ఎక్స్‌ఎఫ్‌సీఈలు సర్దుకుంటాయి, రెండు క్యూజీఐఎస్‌లు పెద్ద రాస్టర్లు తెరిస్తే సర్దుకోవు. 4 జీబీ స్వాప్ పెట్టి ఉంచండి.

నా ఓటు మాత్రం వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌కి (మెషీన్ల మధ్య ప్రైవేటు నెట్‌వర్క్). 2020 మార్చిలో వచ్చిన 5.6 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. యూడీపీ 51820 ఒక్కటి తెరిస్తే చాలు. సరైన కీ లేకుండా తట్టినవాడికి జవాబే ఇవ్వదు కాబట్టి స్కాన్ చేసేవాడికి అక్కడ ఏదో ఉందని కూడా తెలియదు. సర్వర్‌కి 10.8.0.1, మీకు 10.8.0.2, వారికి 10.8.0.3. సర్వర్ వైపు ఒక్కో పీర్‌కి (అవతలి మెషీన్) అలౌడ్‌ఐపీస్‌లో వారి చిరునామా /32తో పెట్టండి. ల్యాప్‌టాప్ వైపు 10.8.0.1/32 మాత్రమే పెట్టండి. చూసి రాసేవాళ్లు అక్కడ 0.0.0.0/0 పెట్టేసి, ఇంటి ఇంటర్నెట్ అంతా ముంబై చుట్టూ తిరిగొస్తోందని లబోదిబోమంటారు. రూటర్ నాట్ (ఒకే బయటి ఐపీని ఇంట్లో అందరికీ పంచే ఏర్పాటు) వెనక ఉన్నవాళ్లు పర్సిస్టెంట్‌కీప్‌అలైవ్ 25 ఇవ్వాలి.

అప్పుడు వీఎన్‌సీకి లోకల్‌హోస్ట్ బదులు "-ఇంటర్‌ఫేస్ 10.8.0.1" ఇవ్వాలి. మెషీన్ లేచేటప్పుడు డబ్ల్యూజీ0 (వైర్‌గార్డ్ ఇంటర్‌ఫేస్) కంటే ముందు వీఎన్‌సీ లేస్తే ఆ చిరునామా ఇంకా ఉండదు, సర్వీస్ పడిపోతుంది. వీఎన్‌సీ సర్వీస్ యూనిట్ ఫైల్‌లో ఆఫ్టర్, రిక్వయర్స్ రెండింటికీ డబ్ల్యూజీ-క్విక్@డబ్ల్యూజీ0 పెట్టండి.

ఒక లక్షణం గుర్తుంచుకోండి: పింగ్ వస్తుంది, పాస్‌వర్డ్ కూడా తీసుకుంటుంది, తర్వాత నల్ల తెర మీద ఆగిపోతుంది. అది వీఎన్‌సీ తప్పు కాదు, ఎంటీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) తప్పు. చిన్న ప్యాకెట్లు దూరిపోతాయి, బొమ్మ మోసే పెద్దవి దారిలో రాలిపోతాయి. వైర్‌గార్డ్ మామూలుగా తీసుకునేది 1420. పీపీపీఓఈ బ్రాడ్‌బ్యాండ్ లైన్లలో, మొబైల్ హాట్‌స్పాట్లలో అది ఎక్కువైపోవచ్చు. రెండు వైపులా 1280 పెట్టి చూడండి.

పోర్టు_ఇరవైరెండు:

కంచుకోట గారూ, పర్మిట్‌ఓపెన్ మాట నిజమే, నేను రాయాల్సింది. వైర్‌గార్డ్ విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. వీఎన్‌సీని 10.8.0.1 మీద వినిపిస్తే ఆ నెట్‌వర్క్‌లోకి వచ్చిన ప్రతి మెషీన్‌కీ, ఆ 8 అక్షరాల పాస్‌వర్డ్‌కీ మధ్య ఇంకేమీ ఉండదు. ఇద్దరే అయితే పర్వాలేదు. పదిమంది అయ్యాక ఒకరి ల్యాప్‌టాప్‌లో వైరస్ పడితే? వైర్‌గార్డ్ పెట్టినా వీఎన్‌సీని 127.0.0.1 మీదే ఉంచి, ఎస్‌ఎస్‌హెచ్‌ని 10.8.0.1 మీద వినిపించి టన్నెల్ దాని లోపల నడపండి. ఎన్‌క్రిప్షన్ రెండుసార్లు జరుగుతుంది నిజమే, ఈ కాలపు ప్రాసెసర్‌కి అది తెలియను కూడా తెలియదు. ఇంకోటి, కొన్ని హోటల్, ఆఫీసు వైఫైలు యూడీపీని బయటికి పోనివ్వవు. అక్కడ వైర్‌గార్డ్ ఒక్కటే నమ్ముకున్నవాళ్లు చేతులు ముడుచుకు కూర్చోవాల్సిందే.

డాకర్_దాసు:

ఇన్‌స్టాల్ గొడవ లేకుండా బ్రౌజర్‌లోనే కావాలంటే అపాచీ గ్వాకమోలే ఉంది. అయితే ఇద్దరి కోసం అది గోటితో పోయేదానికి గొడ్డలి. పెట్టేవాళ్లు మూడు చోట్ల దెబ్బ తింటారు. మొదటి లాగిన్ పేరు, పాస్‌వర్డ్ రెండూ "గ్వాక్‌అడ్మిన్", మార్చకుండా బయటికి తెరిస్తే అంతే సంగతులు. రెండోది, డాకర్ (ప్రోగ్రామ్‌లను కంటైనర్లలో నడిపే సాధనం) పబ్లిష్ చేసే పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను దాటుకుని పోతాయి. యూఎఫ్‌డబ్ల్యూ స్టేటస్‌లో 8080 మూసినట్టే కనబడుతుంది, బయటి నుంచి మాత్రం తెరిచే ఉంటుంది. పోర్టు మ్యాపింగ్‌లో "8080:8080" కాకుండా "127.0.0.1:8080:8080" అని రాసి, ముందు ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ని 443 మీద పెట్టండి. మూడోది గ్వాకమోలే వెనక పనిచేసే గ్వాక్‌డీ వినే 4822. దానికి సొంత లాగిన్ లేదు, కాబట్టి దాన్ని హోస్ట్‌కి పబ్లిష్ చేయనే చేయకండి. టీఓటీపీ (ఫోన్‌లో మారుతూ ఉండే కోడ్) ఎక్స్‌టెన్షన్ తప్పనిసరి.

గోదారిగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎస్‌ఎస్‌హెచ్ దారే పట్టాను, నాది పనిచేస్తోంది, లాగ్ ప్రశాంతంగా ఉంది. 50-క్లౌడ్-ఇనిట్ ఫైల్‌లో మీరన్నట్టే "యెస్" ఉంది. మిగిలినవి:

డాలస్ వారికి టన్నెల్ లేస్తోంది గానీ వ్యూయర్ తగిలించగానే "ఛానల్ 2: ఓపెన్ ఫెయిల్డ్: అడ్మినిస్ట్రేటివ్లీ ప్రొహిబిటెడ్" అంటోంది. వారు కొట్టింది "-ఎల్ 5902:లోకల్‌హోస్ట్:5902".

వారి :2 డిస్‌ప్లే సర్వీస్ ఒక్కోసారి లేచిన వెంటనే పడిపోతోంది, "క్లీన్లీ ఎగ్జిటెడ్ టూ ఎర్లీ" అని లాగ్‌లో ఉంది. ఎక్స్‌స్టార్టప్ ఫైల్ (డెస్క్‌టాప్ మొదలెట్టే స్క్రిప్ట్) ఎక్కడో చూసి రాసింది, చివరి లైన్ "స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4 &".

మ్యాపుల్లో ఊర్ల పేర్లు తెలుగులో ఉండాలి, అన్నీ డబ్బాలు కనబడుతున్నాయి. అక్కడ తెలుగు టైప్ చేయడం ఎలా? డాలస్ నుంచి మరీ నత్తనడక కూడా.

కంచుకోట:

మొదటిది నా పర్మిట్‌ఓపెన్ వల్లే. అది అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది, పేరుని ఐపీగా మార్చి చూడదు. అనుమతించింది 127.0.0.1, వారు అడిగింది లోకల్‌హోస్ట్. కమాండ్‌లో 127.0.0.1 అని కొట్టమనండి. అది కొట్టినా అదే మాట వస్తే సర్వర్‌లో అలౌటీసీపీఫార్వర్డింగ్ "నో" అయి ఉందేమో చూడండి. "కనెక్షన్ రిఫ్యూజ్డ్" అని వస్తే మాత్రం కథ వేరు, దారి బాగుంది, అవతల వీఎన్‌సీ లేవలేదు.

రెండోది ఆ చివరి & వల్ల. పాత వెర్షన్లలో ఎక్స్‌స్టార్టప్ ముగిసినా సెషన్ ఉండేది, ఇప్పుడు ఆ స్క్రిప్ట్ ముగిస్తే సెషన్ ముగిసినట్టే. & పెట్టగానే స్క్రిప్ట్ ఒక్క క్షణంలో అయిపోతుంది. నాలుగు లైన్లు చాలు: మొదట షెల్ లైన్, తర్వాత "అన్‌సెట్ సెషన్_మేనేజర్", "అన్‌సెట్ డీబస్_సెషన్_బస్_అడ్రస్" (ఆ రెండు పేర్లూ క్యాపిటల్స్‌లో), చివర "ఎగ్జెక్ స్టార్ట్‌ఎక్స్‌ఎఫ్‌సీఈ4". ఫైల్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ మరవకండి.

లైట్-లాకర్ ఉంటే తీసేయండి. కొంతసేపటికి తెర లాక్ చేయబోయి నల్లగా వదిలేస్తుంది.

పోర్టు_ఇరవైరెండు:

తెలుగు సంగతి. సర్వర్ ఇమేజ్‌లో తెలుగు ఫాంట్లే ఉండవు, "ఏపీటీ ఇన్‌స్టాల్ ఫాంట్స్-టెలు" కొట్టి క్యూజీఐఎస్ మూసి తెరవండి. టైపింగ్‌కి మీ విండోస్‌లోని తెలుగు కీబోర్డ్‌ని వాడకండి. వీఎన్‌సీ అవతలికి పంపేది కీల సంకేతాలు. మీ వైపు కూర్చిన తెలుగు అక్షరాలు అవతల ఒత్తులు ఊడిపోయి, గుణింతాలు తారుమారై దిగే అవకాశం ఉంది. మీ వైపు ఇంగ్లిష్‌లోనే ఉంచి, సర్వర్‌లో ఐబస్-ఎం17ఎన్ అనే టైపింగ్ సాధనం వేసుకోండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్, పోతన లేఅవుట్లు అన్నీ అందులో ఉన్నాయి. ఎక్స్‌స్టార్టప్‌లో ఎగ్జెక్ లైన్‌కి ముందు ఎక్స్‌మాడిఫయర్స్‌ని "@ఐఎం=ఐబస్" అని ఎక్స్‌పోర్ట్ చేయాలి. జీటీకే_ఐఎం_మాడ్యూల్, క్యూటీ_ఐఎం_మాడ్యూల్ రెండింటికీ "ఐబస్". క్యూజీఐఎస్ క్యూటీతో కట్టింది కాబట్టి రెండోది లేకపోతే ఎక్స్‌ఎఫ్‌సీఈ టెర్మినల్‌లో తెలుగు వస్తుంది, క్యూజీఐఎస్‌లో రాదు. తర్వాత "ఐబస్-డీమన్ -డీఆర్‌ఎక్స్" నడపండి, ఇవన్నీ చిన్న అక్షరాలే.

నత్తనడకకి అసలు కారణం దూరం. ముంబై నుంచి అమెరికాకి వెళ్లి రావడానికే సుమారు 200 మిల్లీసెకన్లు పడుతుంది, ఏ సెట్టింగూ దాన్ని తగ్గించలేదు. తగ్గించగలిగింది బొమ్మల బరువు. ఎక్స్‌ఎఫ్‌సీఈ విండో మేనేజర్ ట్వీక్స్‌లో కంపోజిటింగ్ ఆపండి, వాల్‌పేపర్ తీసి ఒకే రంగు పెట్టండి, వ్యూయర్‌లో టైట్ ఎన్‌కోడింగ్, జేపెగ్ నాణ్యత 5 లేదా 6 చేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌కి క్యాపిటల్ సీ పెట్టి కంప్రెషన్ వేయమని కొందరు అంటారు. టైట్ ముందే కుదించిన దాన్ని మళ్లీ కుదించడం ఊకదంపుడే. ఆ మ్యాక్‌లో సొంత స్క్రీన్ షేరింగ్ ఆన్‌లో ఉంటే 5900ని అదే పట్టుకుంటుంది, కాబట్టి స్థానిక పోర్టుగా 5902నే ఉంచమనండి.

ఆర్‌డీపీ_రాంబాబు:

దూరం ఎక్కువ ఉన్నచోట ఎక్స్‌ఆర్‌డీపీ (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతిని లినక్స్‌లో ఇచ్చేది) కూడా ప్రయత్నించండి. క్లిప్‌బోర్డ్, విండో సైజు మార్చుకోవడం వీఎన్‌సీ కంటే సాఫీగా ఉంటాయి. లాగిన్ లినక్స్ పాస్‌వర్డ్‌తోనే, 8 అక్షరాల గొడవ లేదు. కానీ మామూలుగా పెడితే 3389 అన్ని ఇంటర్‌ఫేస్‌ల మీదా వింటుంది. ఎక్స్‌ఆర్‌డీపీ.ఐఎన్‌ఐలో "పోర్ట్=టీసీపీ://.:3389" అని మార్చండి, ఆ చుక్కకి అర్థం 127.0.0.1. విండోస్ ల్యాప్‌టాప్‌లో 3389 సొంత రిమోట్ డెస్క్‌టాప్ చేతిలో ఉండొచ్చు కాబట్టి టన్నెల్‌కి "13389:127.0.0.1:3389" ఇచ్చి, ఎంఎస్‌టీఎస్‌సీలో (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్) 127.0.0.1:13389 కొట్టండి. డాలస్ వారి పర్మిట్‌ఓపెన్‌లో 3389 కూడా చేర్చాలి. అదే యూజర్ వేరే చోట గ్రాఫికల్ సెషన్‌లో ఉంటే నల్ల తెర వస్తుంది, ముందు అక్కడ లాగౌట్ కావాలి.

ఇది చూసి ఎవరైనా విండోస్ సర్వర్ 3389ని నేరుగా తెరుద్దామనుకుంటే 2019 మేలో బయటపడ్డ బ్లూకీప్‌ని గుర్తు చేసుకోండి. పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ అవసరమే లేకుండా ఆ పోర్టు నుంచి లోపలికి దూరే లోపం అది. అక్కడ కూడా వీపీఎన్ గానీ, 443 మీద నడిచే రిమోట్ డెస్క్‌టాప్ గేట్‌వే గానీ ముందు ఉండాల్సిందే.

చివర్లో పరీక్ష సర్వర్ లోపలి నుంచి చేయకండి, ఇంటి వైఫై కూడా వద్దు. ఫోన్ హాట్‌స్పాట్‌కి మారి, తెరిచిన పోర్టులను వెతికే ఎన్‌మ్యాప్‌తో "ఎన్‌మ్యాప్ -పీఎన్ -పీ 22,3389,5432,5900-5910,8080 సర్వర్‌ఐపీ" కొట్టండి, మొదటి పీ క్యాపిటల్, రెండోది చిన్నది. 22 ఒక్కటే "ఓపెన్" అని రావాలి. ఇంకేదైనా వస్తే ముందు డాకర్‌ని అనుమానించండి, తర్వాత వీపీఎస్ ప్యానెల్‌లోని ఫైర్‌వాల్‌ని. ఐపీవీ6 చిరునామా ఉంటే "-6" చేర్చి మళ్లీ ఒకసారి. వీ4లో మూసి వీ6లో మరిచిపోయిన తలుపులు ఇలాగే బయటపడతాయి.